రెండు స్లో కుక్కర్లు

బిలాస్‌పూర్
జూన్ 30

అత్తా,

నువ్వు విజయనగరం వెళ్లి ఇవాళ్టికి ఇరవై రెండు రోజులు. పెద్దత్తకి తుంటి ఆపరేషన్ బాగా జరిగిందనీ, వాకర్ పట్టుకుని గదిలో నాలుగడుగులు వేస్తోందనీ బావ చెప్పాడు. నీకు ఫోన్లో మాట వినపడదు. మెసేజ్ పెడితే అక్షరాలు చీమల్లా ఉన్నాయంటావు. అందుకే ఈ ఉత్తరం, ఇంతింత అక్షరాలతో.

నువ్వు ఇక్కడ ఉన్నన్నాళ్లూ ఈ ఇంట్లో వంట ఎలా అవుతోందో నేను ఒక్కరోజు కూడా ఆలోచించలేదు. ఇప్పుడు తెలుస్తోంది. ఏడున్నరకి ఆసుపత్రి ల్యాబ్‌లో ఉండాలి. ఇల్లు చేరేసరికి సాయంత్రం ఐదున్నర. గూడ్స్ బండి నడిపే మీ అబ్బాయికి, అదే బావకి, డ్యూటీ ఎప్పుడు పడుతుందో ఎవరికీ తెలియదు. హరిప్రియ బడి నుంచి రెండింటికి వచ్చి బిస్కెట్లతో కడుపు నింపుకుంటోంది. అందుకని స్లో కుక్కర్ ఒకటి కొన్నాను. లోపల పింగాణీ కుండ, పైన గాజు మూత, కరెంటు మీద నడుస్తుంది. పొద్దున్నే అన్నీ వేసి స్విచ్ వేసి వెళ్లిపోతే ఎనిమిది గంటలు సన్నసెగ మీద ఉడికి, మనం వచ్చేసరికి వేడివేడిగా ఉంటుందట. డబ్బా మీద అలాగే రాశారు.

మొదటిరోజు పప్పు చారయింది. రెండోరోజు కోడికూర నీళ్లలో ఈదింది, పైగా పసుపు పచ్చివాసన. మూడోరోజు బీరకాయ ముక్కలు ఎక్కడున్నాయో వెతుక్కున్నాం. బావ పెరుగు పోసుకుని తిన్నాడు. నాలుగోరోజు డ్యూటీ దిగి వచ్చి, "ఆకలి లేదు ప్రసూనా, తిఫ్రాలో అక్క దగ్గర తినేసొచ్చినాను" అన్నాడు.

నాకు స్వాతి వదిన మీద ఏమీ లేదత్తా. నీ కూతురని అనడం కాదు, నిజంగానే ఏమీ లేదు. సిర్గిట్టి ఫ్యాక్టరీల్లో పనిచేసే నలభై మందికి రోజూ భోజనం డబ్బాలు పంపే మనిషి, సొంత తమ్ముడికి ఒక పూట పెడితే నాకెందుకు? కానీ మొన్న మంగళవారం, ఎవరూ అడక్కుండానే, నాలుగు గిన్నెల క్యారియర్ పంపించింది. హరిప్రియ గుత్తివంకాయ తిని, వేళ్లు నాకుతూ, "మమ్మీ, అత్త కే హాథ్ మే జాదూ హై" అంది. జాదూ అట, చేతిలో మంత్రం ఉందట. ఆ క్యారియర్‌ని నేను మూడుసార్లు తోమాను.

ఈ కుండతో ఎలా వేగాలో నువ్వే చెప్పాలి. నేను అడిగానని వదినకి మాత్రం రాయకు.

నీ ప్రసూన


విజయనగరం
జూలై 8

ప్రసూనా,

నీ ఉత్తరం అక్కకి చదివి వినిపించాను. మంచం మీద పడుకుని ఒకటే నవ్వు. కుట్లు లాగుతున్నాయి, ఇంక చదవకే బాబూ అంది.

నాకు నవ్వు రాలేదు. ముప్పై ఏళ్లు ఆ క్వార్టర్లో పొయ్యి దగ్గర నిలబడ్డాను. రైలెక్కి నెల తిరగలేదు, నా బదులు ఒక కుండని తెచ్చిపెట్టావు. అది మోకాళ్లు నొప్పి అనదు. ఉప్పు సరిపోయిందో లేదో చూడవే అని పిలవదు. కొన్నాళ్లకి మీరు దానికే అలవాటు పడిపోతారు. అప్పుడు నేనొచ్చి ఏటి చెయ్యాలి?

సరే, ఇది రాయి. ఆ మూతలోంచి ఆవిరి బయటికి పోతుందా, లోపలే ఉంటుందా? పొయ్యి మీద పోసినన్ని నీళ్లే పోస్తున్నావా? దాన్ని నేను కంటితో చూడలేదు కదా. కాస్త ఆలోచించి చెబుతాను.

స్వాతి చేతిలో జాదూ ఏమీ లేదు. పదకొండో ఏట నుంచి నా పక్కన నిలబడి ఉల్లిపాయలు కోసింది, అంతే.

మీ అత్త


బిలాస్‌పూర్
జూలై 17

అత్తా,

ఆవిరి బయటికి పోదు. మూత మీద చెమటలా పట్టి మళ్లీ కూరలోకే దిగుతుంది.

నిన్న వానకి మధ్యాహ్నమంతా కరెంటు లేదు. పొద్దున్న వేటమాంసం వేసి వెళ్లాను. వచ్చేసరికి కుండ చల్లబడి ఉంది, ముక్క సగం ఉడికి, వాసన మారిపోయి. మొత్తం పారబోశాను. ఒక గంటలో తిఫ్రా నుంచి క్యారియర్ వచ్చింది. మా ఇంట్లో కూర పాడైన సంగతి తిఫ్రాకి ఎవరు చెప్పారు? బావే చెప్పి ఉంటాడు.

అసలు సంగతి అది కాదు. శుక్రవారం నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి స్లో కుక్కర్ తడిగా ఉంది. కడిగి బోర్లించి ఉంది. నేను కుండని ఎప్పుడూ బోర్లించను, అంచు పగులుతుందని. వంటిల్లంతా ఇంగువ వాసన. బావకి ఆ రోజు సెలవు. అడిగితే, "అక్క వచ్చింది, ఊరికే" అన్నాడు. సోమవారం మళ్లీ అంతే. కుండ తడి, ఇంగువ వాసన, ఊరికే.

నేను లేనప్పుడు నా వంటింట్లోకి వచ్చి నా కుండలో వండి, నా భర్తకి పెట్టి వెళ్లడం ఊరికే ఎలా అవుతుంది? నా వంట ఎంత చెత్తగా ఉందో ఇద్దరూ కూర్చుని చెప్పుకుని ఉంటారు. ల్యాబ్‌లో రక్తం సీసాల మీద పేర్లు అంటిస్తూ రోజంతా అదే ఆలోచన. ఒక సీసా మీద పేరు తప్పు రాయబోయి ఆగాను. అంత దాకా వచ్చింది.

నువ్వు ఆలోచిస్తానన్నావు. ఆలోచించావా?

ప్రసూన


విజయనగరం
జూలై 25

ప్రసూనా,

ఆలోచించాను. శ్రద్ధగా చదువు.

నీళ్లు సగానికి సగం తగ్గించు. కూరగాయలే బోలెడు నీరు విడుస్తాయి. పచ్చి మసాలా అందులో వేస్తే పచ్చిగానే ఉంటుంది, అంచేత ఉల్లిపాయ, అల్లంవెల్లుల్లి, పసుపు, కారం ముందు మూకుట్లో నూనె తేలేదాకా వేయించి అప్పుడు వెయ్యి. పొద్దున్న తీరిక ఉండదంటావేమో. ఆదివారం వారానికి సరిపడా వేయించి, సీసాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచుకో. రోజుకి రెండు గరిటెలు తీసి వేసుకోవడమే.

సెగ అడుగునా, పక్కలా ఉంటుంది. కంద, బంగాళదుంప, ముల్లంగి అడుగున పరిచి మాంసం పైన పెట్టు. మాంసం కన్నా దుంపే ఆలస్యంగా ఉడుకుతుంది అందులో. బీరకాయ, ఆనపకాయ లాంటివి దానికి పనికిరావు, వాటిని వచ్చాక పొయ్యి మీద పది నిమిషాల్లో చేసుకో. చింతపండు పులుసు పప్పు మెత్తబడ్డాకే పొయ్యాలి, ముందే పోస్తే పప్పు బిర్రబిగుస్తుంది. పెరుగు, ఆకుకూర, కొత్తిమీర అన్నీ చివరి అరగంటలోనే. తాలింపు నువ్వు వచ్చాక వెయ్యి. ఆ చప్పుడు వినబడితే చాలు, ఇంట్లోవాళ్లకి కూర ఇప్పుడే అయిందనిపిస్తుంది.

కుండ సగానికి పైన, ముప్పావుకి లోపు ఉండాలి. మూత ఎత్తి చూడొద్దు. ఒకసారి ఎత్తితే అరగంట సెగ పోయినట్టే. వానలు తగ్గేదాకా మాంసం ఇంట్లో మనిషి ఉన్న రోజే పెట్టు.

కుండ తడిగా ఉంటే ఉండనీ. ఎవరో కడిగిపెట్టారనుకో.

మీ అత్త


బిలాస్‌పూర్
ఆగస్టు 12

అత్తా, అత్తా,

దాన్ని చూడకుండానే దాని గుణమంతా ఎలా పట్టుకున్నావు? అడుగున కంద, పైన ఎముకతో ఉన్న మాంసం, రెండు గరిటెల వేయించిన మసాలా, ఒక్క గ్లాసు నీళ్లు. సాయంత్రం తలుపు తీయగానే వాసన నాకు ఎదురొచ్చింది. ముక్క ఎముకని వదిలేసి పక్కన పడుకుంది. బావ మూడుసార్లు పెట్టించుకున్నాడు. పెరుగు అడగలేదు!

మునక్కాడ సాంబారు కూడా కుదిరింది. బావ షహడోల్‌లో డ్రైవర్లు విశ్రాంతి తీసుకునే రన్నింగ్ రూమ్‌కి డబ్బాలో తీసుకెళితే తోటి డ్రైవర్లు "భాభీజీకి చెప్పు, మాకూ పంపమని" అన్నారట. మా ల్యాబ్‌లో సత్యనారాయణమూర్తిగారు రుచి చూసి, వాళ్లావిడ కోసం అంతా కాగితం మీద రాసుకున్నారు. నేను చెబుతుంటే ఆయన రాసుకుంటున్నారు అత్తా! నా ఇరవై ఏళ్ల ఉద్యోగంలో ఆయన నా మాట ఒక్కటి రాసుకున్న పాపాన పోలేదు.

ఆదివారం స్వాతి వదిన వచ్చింది. వస్తూనే మూత ఎత్తింది. చెయ్యి మీద ఒకటి వెయ్యాలనిపించింది. గరిటెతో కాస్త తీసుకుని చప్పరించి, "నీళ్లు సరిగ్గా పడ్డాయే. బాగా కుదిరింది" అని నవ్వింది.

ఆ నవ్వు నాకు నచ్చలేదు. ఎప్పుడూ తప్పే పిల్లకి ముప్పై ఐదు మార్కులొస్తే టీచరు నవ్వే నవ్వు అది. పైగా హరిప్రియ ఆవిడ ఒళ్లో తల పెట్టుకుని టీవీ చూసింది. నా ఒళ్లో తల పెట్టి ఎన్నాళ్లయిందో.

ప్రసూన


విజయనగరం
ఆగస్టు 20

ప్రసూనా,

నీకు దాని మీద కుళ్లు. నేను మెత్తగా చెప్పలేను, వయసైపోయింది. నీ ఉత్తరాల్లో నా పేరు కన్నా దాని పేరే ఎక్కువ ఉంది. బాగా కుదిరింది అంటే బాగా కుదిరిందనే అర్థం. ఇంకేటి వెతుకుతావు అందులో?

అక్క నిన్న వీధి గుమ్మం దాకా నడిచింది.

మీ అత్త


బిలాస్‌పూర్
సెప్టెంబర్ 1

అత్తకు,

కుళ్లు అన్నావు. సరే, నీ మాటే నిజం. అయితే ఇది కూడా విను.

వదినకి కూడా స్లో కుక్కర్ కావాలట. పొద్దున నాలుగు పొయ్యిల దగ్గర నిలబడలేకపోతోందట, ఒక కూర దాని మీద వదిలేస్తే వీలుగా ఉంటుందట. బావ తనే వెళ్లి నా దానికి రెట్టింపు సైజుది తెచ్చాడు. తనే విప్పాడు, తనే తీగ బిగించి, బల్ల మీద చోటు చూసి పెట్టి వచ్చాడు. నాకు కొన్నప్పుడు అట్టపెట్టె రెండు రోజులు హాల్లోనే ఉంది. ఆ పెట్టె మీద చొక్కా ఆరేసుకున్నాడు, అంతే.

దానితో వచ్చిన పుస్తకం ఇంగ్లీషులోనే ఉంది. వదినకి హిందీ, తెలుగు తప్ప ఇంగ్లీషు రాదు కదా. అంచేత అన్నీ నన్నే ఫోన్ చేసి అడుగుతోంది. నేనూ చెబుతున్నాను. నాకు తోచినవి చెబుతున్నాను.

ఇక నా ముప్పై ఐదు మార్కులు కూడా పోయినట్టే. అదే కుక్కర్, ఇంకా పెద్దది, ఆవిడ చేతిలో.

ప్రసూన


విజయనగరం
సెప్టెంబర్ 12

ప్రసూనా,

పది రోజులుగా స్వాతి దగ్గర నుంచి ఉత్తరం లేదు. వారం తప్పకుండా రాసే పిల్ల. మీ బావ దిలీప్ ఇక్కడివాళ్లకి ఫోన్ చేసి, హరిప్రియకి ఒంట్లో బాగాలేదు, ఇప్పుడు తగ్గింది అన్నాడట. ఏమైందంటే చెప్పలేదట. నువ్వూ రాయలేదు.

ఏటి జరిగింది? దాచకుండా రాయి.

అత్త


బిలాస్‌పూర్
సెప్టెంబర్ 15

అత్తా,

ఈ ఉత్తరం నాలుగుసార్లు మొదలుపెట్టి చింపేశాను. ఇది అయిదోది.

హరిప్రియ బాగుంది. వదిన బాగుంది. ముందు అది తెలుసుకో.

అయిదో తారీకు శుక్రవారం సాయంత్రం వదిన ఫోన్ చేసింది. "ప్రసూనా, రేపు రాజ్మా చేద్దామనుకుంటున్నాను. నానబెట్టినాను. పొద్దున్న నేరుగా ఆ కుండలో వేసెయ్యొచ్చేటి? రోజూ ప్రెషర్ కుక్కర్లోనే చేస్తాను, దీని సంగతి నాకు తెల్దు" అంది.

నాకు తెలుసత్తా. పుస్తకం పదకొండో పేజీలో గడి గీసి మరీ రాశారు. రాజ్మా నానిన నీళ్లు పారబోసి, వేరే గిన్నెలో కనీసం పది నిమిషాలు కళపెళా మరిగించాకే స్లో కుక్కర్లో వెయ్యాలి. పచ్చి గింజలో విషం ఉంటుంది. సన్నసెగకి అది చావదు. తింటే వాంతులు పట్టుకుంటాయి. నేను ల్యాబ్‌లో పనిచేసే దాన్ని, ఆ మాట చదివి మరిచిపోయే దాన్ని కాదు.

అప్పుడే బావ హాల్లోంచి, "అక్కేనా? రేపు రాజ్మానా? అయితే నా వాటా ఉంచమను" అని నవ్వుతూ అరిచాడు. నా నోట్లోకి వచ్చిన మాట అక్కడే ఆగిపోయింది. "నానబెట్టావుగా వదినా, వేసెయ్" అన్నాను.

ఒక్కరోజు ఆవిడ వంట పాడవ్వాలి అనుకున్నాను. గింజ గట్టిగా ఉండిపోతుంది, మహా అయితే కాస్త కడుపు తిప్పుతుంది, డబ్బాలవాళ్లు ఒకటీ రెండూ మాటలంటారు, అంతేలే అని నాకు నేనే చెప్పుకున్నాను. ఫోన్ పెట్టేశాక రెండుసార్లు చేతిలోకి తీసుకున్నాను, మళ్లీ చేసి చెబుదామని. చెయ్యలేదు.

మర్నాడు హరిప్రియకి బడి లేదు. ట్యూషన్‌కి వెళ్లిందనుకుంటున్నాను నేను. ట్యూషన్ లేదని తెలిసి బావ దాన్ని తిఫ్రాలో దింపి డ్యూటీకి వెళ్లిపోయాడు. వదిన డబ్బాలకి ముందు రుచి చూద్దామని హరికీ తనకీ వడ్డించింది. రెండు గంటలు తిరక్కుండానే ఇద్దరికీ వాంతులు. వదిన వాళ్లాయన రాంప్రసాద్ అన్నయ్య లారీ పని వదిలేసి, ఇద్దర్నీ ఆటోలో వేసుకుని దగ్గర్లోని క్లినిక్‌కి తీసుకెళ్లాడు. నాకు ల్యాబ్‌కి ఫోన్ వచ్చింది. "హరికి వాంతులు ఆగట్లేదు, రా" అన్నాడు.

నేను వెళ్లేసరికి పిల్ల మంచం మీద సెలైన్ పెట్టుకుని వడిలిపోయి ఉంది. వదినకీ సెలైన్ ఎక్కుతోంది. తన మంచం మీద పడుకోకుండా, ఆ సీసా కర్రని లాక్కొచ్చుకుని హరి పక్కన కూర్చుంది. నన్ను చూడగానే, "ప్రసూనా, నా చేత్తో పిల్లకి విషం పెట్టినానే. ఏటి తప్పు చేసినానో తెలీడం లేదు" అని ఏడ్చింది.

"నీ తప్పు కాదు వదినా" అన్నాను. అంతే అన్నాను. ఆ తర్వాత అనవలసిన మాట అనలేదు.

సాయంత్రానికి ఇద్దరూ తేరుకున్నారు. బావ డ్యూటీ దిగి నేరుగా అక్కడికి వచ్చాడు. భయంతో ముఖం నల్లబడిపోయి ఉంది. వదిన ముందే హరితో, "ఇంక తిఫ్రా వెళ్లక్కర్లేదు. ఇంట్లోనే తిను" అన్నాడు. వదిన హరి దుప్పటి సర్ది లేచింది. ఇంటికి వెళ్లి కుండలోదంతా పారబోసిందట. డబ్బాలు ఒక్కటీ బయటికి వెళ్లలేదు, అదొక్కటే అదృష్టం. ఆ మర్నాటి నుంచి వంట మానేసింది. నలభై మందికీ వేరే చోటు చూసుకోమని కబురు పెట్టింది. పిల్లకే సరిగ్గా వండలేని చెయ్యి ఊరికి ఏం వండుతుంది అంటోందట.

నేను కోరుకున్నదే జరిగింది కదా అత్తా. క్యారియర్లు రావడం లేదు. బావ ఇంట్లోనే తింటున్నాడు. హరి ఎక్కడికీ వెళ్లడం లేదు. ముగ్గురం కూర్చుంటే నాకు ముద్ద దిగడం లేదు.

నువ్వు ఏమన్నా పడతాను.

ప్రసూన


విజయనగరం
సెప్టెంబర్ 22

ప్రసూనా,

నీ ఉత్తరం అక్కకి చదివి వినిపించలేదు. ఎవరు రాశారని అడిగితే కరెంటు బిల్లు అన్నాను.

నువ్వు మా తమ్ముడి కూతురివి. లంగా జాకెట్టు నాటి నుంచి నా వెనకాల తిరిగావు. స్వాతి నా కడుపున పుట్టింది. నువ్వు దానికి చేసింది నాకు చేసినట్టే.

ఇప్పుడు ఒక సంగతి చెబుతాను. చెప్పనని స్వాతికి మాట ఇచ్చాను, ఆ మాట తప్పుతున్నాను. జూలైలో నీకు రాసిన కిటుకుల్లో నా ఆలోచన ఒక్కటీ లేదు. ఆ యంత్రం నాకేం తెలుసు? నీ మొదటి ఉత్తరం రాగానే నేను స్వాతికి రాశాను. అడిగావని చెప్పొద్దన్నావు, అయినా రాశాను. అది రెండు రోజులు నువ్వు డ్యూటీకి వెళ్లాక మీ ఇంటికి వచ్చి, ఆ కుండలో ఒకసారి పప్పు, ఒకసారి మాంసం వండి చూసింది. నీళ్లెంత, దుంప ఎక్కడ, పులుసు ఎప్పుడు, అన్నీ తేల్చుకుని నాకు రెండు పేజీలు రాసింది. "నేను చెప్పానంటే ప్రసూన తీసుకోదమ్మా, నువ్వే చెప్పినట్టు రాయి" అని చివర్న పెట్టింది. ఆ ఉత్తరం నా దగ్గరే ఉంది. నీ సత్యనారాయణమూర్తిగారు రాసుకున్నది దాని మాటలే.

దానికి నీ మీద అసూయ లేదనుకోకు. ఉంది. అమ్మ ఎప్పుడూ తమ్ముడింట్లోనే ఉంటుంది, నా ఇంట్లో పది రోజులు కూడా ఉండదు అని ఎన్నోసార్లు రాసింది. నీ ఉద్యోగం చూసి, తను టెన్త్‌తో ఆగిపోయినందుకు ఏడ్చింది. ఏడ్చి మళ్లీ నీ వంటింటికే వచ్చి నీ కుండ కడిగి వెళ్లింది.

దానికి నేను ఏమీ చెప్పను. వెళ్లి నువ్వే చెప్పు. చెప్పేదాకా నాకు రాయకు.

కనకం


బిలాస్‌పూర్
అక్టోబర్ 13

అత్తా,

చెప్పాను. అందుకే రాస్తున్నాను.

నీ ఉత్తరం వచ్చిన నాలుగో రోజున వెళ్లాను. మూడు రోజులు ఎందుకు ఆగానో అడగకు, భయం. వదిన ఇంట్లో పెద్ద గిన్నెలన్నీ బోర్లించి ఉన్నాయి. పొయ్యిల మీద దుమ్ము. ఆవిడ మంచం మీద కూర్చుని చీరకి ఫాల్ కుడుతోంది. కుట్టు పని పట్టుకుందట. నేను పుస్తకం తీసి, పదకొండో పేజీ తెలుగులో చదివాను.

కుట్టడం ఆపి విన్నది. తర్వాత అడిగింది.

"ఫోన్లో అడిగినప్పుడు నీకు ఇది తెలుసేటి?"

"తెలుసు వదినా."

"హరి వస్తుందని తెలుసా?"

"తెలీదు."

"అచ్ఛా. అంటే నేనొక్కదాన్నే అయితే పరవాలేదు."

పుస్తకం మూసి ఒళ్లో పెట్టుకున్నాను అత్తా.

సూది చీరకి గుచ్చి, "అమ్మ నీ దగ్గరుంది. తమ్ముడు నీ దగ్గరున్నాడు. నెలనెలా ఉద్యోగం ఉంది. నాకు ఈ నాలుగు పొయ్యిలే ఉన్నాయి. వాటి మీద కూడా నీకు కన్నేటే?" అంది. గట్టిగా అనలేదు. గట్టిగా అన్నా బాగుండేది. "తమ్ముడికి నువ్వే చెప్పు. నేను చెబితే నీ మీద చాడీ అవుతుంది. ఇంక వెళ్లు."

ఆ సాయంత్రమే బావకి చెప్పాను. లేచి చెప్పులేసుకుని తిఫ్రా వెళ్లాడు, అక్కని క్షమించమని అడగడానికి. ఆ తర్వాత ఎనిమిది రోజులు నాతో మాట్లాడలేదు. డ్యూటీకి వెళ్లేటప్పుడు హరితోనే చెప్పి వెళ్లేవాడు. హరికి కూడా నేనే చెప్పాను. దానికి పన్నెండేళ్లు, ఎవరో చెబితే వినడం కన్నా నేను చెప్పడం మేలనిపించింది. "అత్తకి సారీ చెప్పావా?" అని అడిగింది. చెప్పానంటే, "మళ్లీ చెప్పు" అంది.

మళ్లీ వెళ్లాను. ఈసారి ఆ పుస్తకం మొత్తం, మొదటి పేజీ నుంచి చివరి దాకా, తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి తీసుకెళ్లాను. ఏ గింజ ముందు మరిగించాలి, ఏది అక్కర్లేదు, కరెంటు పోతే ఎంతసేపటికి పారబొయ్యాలి, అన్నీ. మూడు రోజుల పని. వదిన కాగితాలు తీసుకుంది, కూర్చోమనలేదు. దసరా వెళ్లిన మర్నాడు చూస్తే ఆ కాగితాలు వంటింటి గోడకి మేకులు కొట్టి ఉన్నాయి. నాలుగు పొయ్యిలూ మండుతున్నాయి. నలభైలో ఇరవై ఆరు మంది తిరిగి వచ్చారట. పదకొండో పేజీ అన్నిటికన్నా పైన ఉంది.

ఆదివారాలు పొద్దున ఆరింటికి వెళ్లి డబ్బాలు సర్దుతున్నాను. వదిన నాతో పని మాటలే మాట్లాడుతుంది. "మూత", "గరిటె", "అది పక్కన పెట్టు". నిన్న మాత్రం వాళ్లాయనతో, నాకు వినపడేలా, "నేనింకా కోపంగానే ఉన్నాను. కోపంగా ఉంటే పని చేయించుకోకూడదని లేదు కదా" అంది.

ప్రసూన


విజయనగరం
అక్టోబర్ 17

ప్రసూనా, అమ్మా,

స్వాతి కూడా రాసింది. నీ మీద రెండు పేజీల కోపం. చివర్న, ప్రసూన ఉల్లిపాయలు మరీ లావుగా కోస్తుందమ్మా అని రాసింది. చదివి కాస్త ఊపిరి తీసుకున్నాను.

అక్క ఇప్పుడు కర్ర పట్టుకుని ఒంటరిగా నడుస్తోంది. ఇంక నేను అక్కర్లేదంది. ఇరవై ఎనిమిదిన రైలెక్కుతున్నాను.

ఒక సంగతి ముందే చెప్పాలి. బిలాస్‌పూర్‌లో దిగి నేను మీ ఇంటికి రావడం లేదు. తిఫ్రా వెళతాను. కొన్నాళ్లని కాదు, వచ్చే వేసవి దాకా స్వాతి దగ్గరే ఉంటాను. ఇన్నేళ్లు ఆ పిల్లని, అమ్మ తనది కాదు అనుకునేలా ఉంచాను. అందులో నా తప్పు నీ తప్పు కన్నా పాతది. నిన్ను శిక్షించడానికి వెళ్లడం లేదు. అలా అనుకుంటావని తెలుసు, అందుకే విడిగా రాస్తున్నాను. నువ్వు ఆ యంత్రంతో బాగానే నెట్టుకొస్తావు. అది రాయడానికి నాకు మనసు ఒప్పడం లేదు, అయినా నిజం.

దిలీప్‌కి నువ్వే చెప్పు.

మీ అత్త


బిలాస్‌పూర్
అక్టోబర్ 24

అత్తా,

నీ ఉత్తరం వంటింట్లో నిలబడి చదివాను. చదివి కాసేపు బాధపడ్డాను, తర్వాత కోపం వచ్చింది. వచ్చే వేసవి దాకా అట. వదిన నీ చేతి కాఫీ తాగుతుంది. నీ పక్కన కూర్చుని ఊరి కబుర్లు వింటుంది. నీకు వినపడకపోతే నీ చెవి దగ్గర నోరు పెట్టి అరుస్తుంది. ఇవన్నీ నావి అనుకున్నాను ఇన్నాళ్లూ. నాకు అసూయగా ఉందత్తా. చాలా ఉంది. ఈసారి నీకు రాసేస్తున్నాను, లోపల పెట్టుకుంటే ఏం చేస్తానో నాకు తెలిసింది కనక.

బావకి చెబితే, "అమ్మకి అక్కడ మంచమేది? అక్క ఇంట్లో అన్నీ చాపలే కదా" అన్నాడు. అంచేత ఇవాళ నీ నవారు మంచం సామాన్ల ఆటోలో వేయించుకుని నేనే తిఫ్రా తీసుకెళ్లాను. నీ దుప్పటి, మందుల పెట్టె, కళ్లజోడు రెండోది, వేణ్ణీళ్ల చెంబు కూడా.

మంచం వదిన ఇంటి గుమ్మంలో పట్టలేదు. ఇటు తిప్పాం, అటు తిప్పాం. రాంప్రసాద్ అన్నయ్య లేడు. ఇద్దరం చెమటలు కక్కుతూ గుమ్మానికి ఆ వైపు ఆవిడ, ఈ వైపు నేను, మధ్యలో నీ మంచం. చివరికి నవారు విప్పి, కోళ్లు ఊడదీసి లోపలికి చేర్చి మళ్లీ బిగించాం. నవారు బిగించడం నాకు రాదు. వదిన ఒక కొస నా చేతికిచ్చి, "గట్టిగా లాగు. ఇంకా. అమ్మ బరువు తెలుసు కదా, కుంగిపోతుంది" అంది. లాగాను. అరచేతులు ఎర్రబడ్డాయి.

మంచం ఎక్కడ వెయ్యాలని అడిగితే వదిన వంటింటి కిటికీ పక్కన చూపించింది. నేను గోడవార ఉంటే గాలి తగలదు, మంచిది అన్నాను. కిటికీ దగ్గరైతే అమ్మకి నేను వండుతుంటే కనపడుతుంది అంది. సరే అన్నాను, కిటికీ దగ్గరే వేశాం.

వచ్చేస్తుంటే పిలిచి ఒక చిన్న గిన్నె చేతిలో పెట్టింది. గుత్తివంకాయ. "హరికి" అంది. ఆగి, "నువ్వూ తిను" అంది.

ఆటోలోనే మూత తీసి ఒకటి తిన్నాను. ఇల్లు చేరేసరికి ఆరింట్లో మూడే మిగిలాయి.

నీ ప్రసూన